మొత్తమ్మీద ఇబ్బంది లేదు

లువాన్ గ్వేజెన్ మధ్యలో కూర్చుంటే ఆ గదిలో గొడవ జరగదని ఫ్యాక్టరీలో అందరికీ నమ్మకం. మూడేళ్లుగా ఆమెకున్న పేరు అదే. చైనా తీరాన యాన్‌తాయ్‌లోని పాత సర్కారు వాల్వుల ఫ్యాక్టరీ, డెన్మార్క్ కంపెనీ ఒకటి కలిసి ఉమ్మడి కంపెనీ పెట్టినప్పుడు, ఇంగ్లీషు వచ్చిన మనిషి కోసం వెతికితే దొరికింది ఆమే. పదిహేడేళ్ల వయసులో లేతు మిషను దగ్గర పనికి చేరి, రేడియో పాఠాలు విని ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి. ఇప్పుడు నలభై ఒకటి. నాణ్యత విభాగం చూసుకుంటూనే, ప్రతి సోమవారం మీటింగులో ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసేది.

చేరవేయడం అంటే ఉన్నదున్నట్టు కాదు. డెన్మార్క్ నుంచి వచ్చిన జనరల్ మేనేజరు తోర్బెన్ బల్ల మీద చెయ్యేసి "ఇది శుద్ధ దండగ పని" అంటే, ఆమె చైనీసులో "మేనేజరు గారు దీన్ని మరోసారి ఆలోచిద్దామంటున్నారు" అనేది. చైనా పక్షం డైరెక్టరు గుంగ్ నవ్వుతూనే "ఈ దొర బుర్రలో నీళ్లు చేరినట్టున్నాయి" అంటే, ఆమె ఇంగ్లీషులో "డైరెక్టరు గారికి మీ ఆలోచన కొత్తగా అనిపించిందట" అనేది. ఇద్దరూ తలలూపేవాళ్లు. టీ వచ్చేది. మీటింగు అయిపోయేది.

మధ్యాహ్నం నిద్ర గొడవ ఒక్కటే ఆమె చేతుల్లోంచి జారిపోయింది. భోజనాల తర్వాత పనివాళ్లు మడత మంచాలేసుకుని గంటసేపు నడుం వాల్చడం తోర్బెన్‌కి నచ్చలేదు. మంచాలన్నీ తీయించేశాడు. మూడు వారాల పాటు ఫ్యాక్టరీ మొత్తం మూతి ముడుచుకుని తిరిగింది. చివరికి మంచాలు వెనక్కి వచ్చాయిగానీ తోర్బెన్‌కీ గుంగ్‌కీ మధ్య ఎడం మాత్రం మిగిలిపోయింది. అందుకే ఆ అక్టోబరులో గ్వేజెన్ మరీ జాగ్రత్తగా ఉంటోంది.

అప్పుడే స్ప్రింగుల సంగతి వచ్చిపడింది. బాయిలర్లకు బిగించే సేఫ్టీ వాల్వుల్లో డెన్మార్క్ స్ప్రింగులు వేయాలి. అవి ఛింగ్‌దావ్ రేవు కస్టమ్స్‌లో ఇరుక్కుపోయాయి. చలికాలంలో ఊరంతటికీ వేడి అందించే నగర తాపన శాఖకు నెలాఖరులోగా సరుకు పంపిస్తానని గుంగ్ మాటిచ్చేశాడు. దగ్గర్లోని చిన్న కార్ఖానా ఒకటి అదే కొలతల్లో స్ప్రింగులు చేసిచ్చింది. వాటితో నూట పాతిక వాల్వులు తయారయ్యాయి.

ఆ సోమవారం తోర్బెన్ సూటిగా అడిగాడు. "ఈ స్ప్రింగులు మనవాటితో సమానమేనా? పంపించొచ్చా?"

జవాబు చెప్పాల్సింది పరీక్షల షాపు పెద్ద, మౌ మేస్త్రి. యాభై తొమ్మిదేళ్ల మనిషి. గ్వేజెన్‌కి పని నేర్పిన గురువు. ఆయన టీ కప్పు మూత తీసి, పెట్టి, మళ్లీ తీశాడు.

"చూశాం. చల్లగా ఉన్నప్పుడు పరీక్ష చేస్తే బాగానే తెరుచుకున్నాయి. మొత్తమ్మీద ఇబ్బంది లేదు. ఇంకొంచెం చూసుకుంటే మంచిదే" అన్నాడు.

గ్వేజెన్‌కి అర్థమైంది. ఆ ఊళ్లో పెరిగిన ఎవరికైనా అర్థమవుతుంది. 'మొత్తమ్మీద' అన్నాడంటే ఎక్కడో ఏదో ఉంది. 'చూసుకుంటే మంచిదే' అన్నాడంటే పంపొద్దని. కానీ తోర్బెన్ గడియారం చూసుకుంటున్నాడు. గుంగ్ ఆమెవైపే చూస్తూ చిరునవ్వు నవ్వుతున్నాడు. వాల్వుల్ని ఆవిరి మీద కాగబెట్టి చూసే వేడి పరీక్షకు సగం రోజు పడుతుందని, దండగని, తోర్బెనే కిందటి నెల దాన్ని ఆపించాడు. ఇప్పుడు ఆ మాట ఎత్తితే మళ్లీ గొడవ మొదలు.

"ఇబ్బంది లేదంటున్నారు. ఇకముందు కూడా గమనిస్తూ ఉంటారట" అంది ఇంగ్లీషులో.

తోర్బెన్ సంతకం పెట్టాడు. మౌ మేస్త్రి ఆమెవైపు ఒకసారి చూసి, టీ తాగాడు. ఆ గురువారమే నూట పదిహేడు వాల్వులు వెళ్లిపోయాయి.

*

నవంబరు పదకొండున, మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ, ఏదో కాగితం మీద సంతకం కోసం గ్వేజెన్ పరీక్షల షాపుకు వెళ్లింది. లోపల ఎవరూ ఉండరనుకుంది. తలుపు తీయగానే వేడి గాలి ముఖానికి కొట్టింది. మూలనున్న చిన్న బాయిలరు మండుతోంది. మౌ మేస్త్రి ఒక్కడే, కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి, ఒత్తిడి చూపే గేజీకి ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"మేస్త్రిగారూ, నిద్రపోలేదా?"

ఆయన చెయ్యెత్తి ఆగమన్నాడు. పరీక్ష బల్ల మీద వాల్వు ఒకటి బిగించి ఉంది. ఒంటి మీద నంబరు చూసి పోల్చుకుంది. అక్టోబరు సరుకులో మిగిలిపోయిన ఎనిమిదింటిలో ఒకటి. ఒత్తిడి నాలుగు కిలోలకు చేరితే అది దానంతటదే తెరుచుకుని ఆవిరి వదిలేయాలి. గేజీ ముల్లు నాలుగు దగ్గరుంది. నాలుగు దాటింది. నాలుగున్నర. ఐదు.

మౌ మేస్త్రి బాయిలరు నుంచి ఆవిరి ఆపి, ఒత్తిడి కొంచెం తగ్గనిచ్చి, చెక్క సుత్తితో వాల్వు పక్కన ఒక్కటి వేశాడు. అప్పుడు తెరుచుకుంది. ఆవిరి బుస్సున లేచింది.

"ఇది మూడోది" అన్నాడు. "ఎనిమిదిట్లో మూడు. చల్లగా ఉంటే బాగానే ఉంటాయి. వేడెక్కి ఓ అరగంట గడిస్తే స్ప్రింగు పక్కకు వంగుతోంది. లోపలి కడ్డీని గోడకేసి నొక్కేస్తోంది. ఇంక కదల్దు."

"మరి మీరు ఇబ్బంది లేదన్నారుగా!" గొంతు తనకు తెలియకుండానే పైకి లేచింది.

"మొత్తమ్మీద లేదన్నాను. ఇంకొంచెం చూడాలన్నాను." ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "దొర వేడి పరీక్షకు టైమిస్తాడేమోనని ఇన్ని రోజులూ చూశాను. ఎంతకీ ఇవ్వడే. సరే, దొర ఆలోచించే పంపించుంటాడు, నాకెందుకనుకున్నాను. మనసొప్పక ఇవాళ నేనే మొదలుపెట్టాను. అమ్మాయ్, నువ్వు ఆయనకి చెప్పావు కదా నా మాట?"

ఆమె చేతిలోని కాగితం వైపు చూపు దించుకుంది. ముసలాయన కాసేపు ఆమె ముఖంలోకే చూశాడు. తర్వాత చూపు తిప్పుకుని బొగ్గు తలుపు మూశాడు. తిట్టుంటే బాగుండేది.

నగరంలో అధికారికంగా బాయిలర్లు వెలిగించేది పదిహేనున. సరిచూసుకోడానికి చాలామంది పదమూడు, పద్నాలుగులోనే వెలిగిస్తారు. అంటే చేతిలో ఉన్నది రెండు రోజులు. నూట పదిహేడు వాల్వులు. ఏ ఆసుపత్రికి వెళ్లాయో, ఏ స్నానశాలకి, ఏ బడికి వెళ్లాయో ఆమెకు తెలీదు. సంతకం సంగతి వదిలేసి బయటికి నడిచింది.

*

ముందు గుంగ్ దగ్గరికే వెళ్లింది. అలవాటు అటే తీసుకెళ్లింది. డైరెక్టరు తలుపు మూయించి, సిగరెట్టు వెలిగించి, అంతా విన్నాడు. విన్నాక కిటికీలోంచి చిమ్నీ వైపు చూశాడు.

"దొరకి తెలుసా?"

"ఇంకా లేదండీ."

"చెప్పకు. ఆయనకి చెబితే ముందు కాగితం రాస్తాడు, తర్వాత పని మొదలుపెడతాడు. 'చలికాలం ఉచిత సేవ' అని పేరు పెడదాం. పదిమందిని పంపిద్దాం. నవ్వుతూ వెళ్లి, వాల్వు మార్చి, యాపిల్ పండ్ల బుట్ట ఒకటిచ్చి వస్తారు. ఎవడి పరువూ పోదు. ఏవి ఎక్కడున్నాయి?"

"అదే తెలీదు డైరెక్టర్ గారూ. తాపన శాఖ వాళ్లు పంచేశారు. ఏ నంబరు ఎక్కడికెళ్లిందో రాసి పంపమని తోర్బెన్ వాళ్ల దగ్గర ఫారాలు తీసుకున్నాడు. ఆ పట్టీ ఆయన బీరువాలో ఉంది. కొత్త స్ప్రింగులు కూడా ఛింగ్‌దావ్ నుంచి వచ్చేశాయిగానీ, ఆయన సంతకం లేకుండా స్టోరు వాళ్లు ఇవ్వరు."

ఆ నంబర్ల పట్టీని చూసి ఫ్యాక్టరీ అంతా ఎగతాళి చేసింది. వాల్వులకు కూడా ఇంటి చిరునామాలు రాసిపెడతాడేంట్రా అని నవ్వుకున్నారు. గుంగ్ కూడా నవ్వాడు. ఇప్పుడు నవ్వలేదు. సిగరెట్టు సగంలోనే నలిపేశాడు.

"సరే అయితే. చెప్పు. కానీ మెల్లగా, బాగుండేట్టు చెప్పు. ఎలా చెప్పాలో నీకు నేను నేర్పాలా?"

మెట్లు దిగుతుంటే ఆ 'బాగుండేట్టు' అన్న మాటే ఆమె చెవిలో మోగింది. మలుపు దగ్గర, మెట్ల కమ్మీ పట్టుకుని ఆగింది. మౌ మేస్త్రికి ఏడు నెలల్లో రిటైర్‌మెంటు. ఆయన పేరు రిపోర్టులోకి ఎక్కితే ఏమవుతుంది? తన ఉద్యోగం ఏమవుతుంది? చెప్పకపోతే? అక్కడ ఆలోచన తెగిపోయింది. చెప్పకపోతే ఏమవుతుందో ఊహించుకునే ధైర్యం లేకపోయింది.

తోర్బెన్ ఏదో రాసుకుంటున్నాడు. ఆమె కూర్చోలేదు.

"మీతో ఒక సంగతి చెప్పాలి. నేను ఏది చెప్తే అది నేరుగా అర్థం చేసుకోండి. అక్టోబరులో వెళ్లిన వాల్వులు వేడెక్కితే బిగుసుకుపోతున్నాయి. ఇవాళ మౌ మేస్త్రి పరీక్ష చేశారు. ఎనిమిదిట్లో మూడు తెరుచుకోలేదు."

తోర్బెన్ కలం కింద పెట్టాడు. మనిషి తెలుపే, ఇంకా తెల్లబడ్డాడు. "ఆయన ఇబ్బంది లేదన్నాడు. నేను ఈ గదిలోనే అడిగాను. అదే మాట రాసుకున్నాను కూడా."

"ఆయన అలా అనలేదు. ఇంకా చూడాలన్నారు. పంపొద్దని ఆయన అర్థం. ఇబ్బంది లేదన్నది నేను."

గదిలో హీటరు టిక్కుటిక్కుమంటోంది. తోర్బెన్ రాసుకుంటున్న పుస్తకం మూసేశాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. మెల్లగా అడిగాడు.

"మూడేళ్లు, గ్వేజెన్. ఈ మూడేళ్లలో ఇంకా ఏమేం మార్చారు?"

అన్నీ అని చెప్పాలా? గొడవ కాకూడదని మార్చానని చెప్పాలా? కళ్లు మండాయి. కానీ ఏడవడానికి టైము లేదు.

"తర్వాత తిట్టండి. ముందు ఆ పట్టీ ఇవ్వండి" అంది.

ఆయన బీరువా తెరిచాడు. పట్టీ బల్ల మీద పెట్టి, మరో చేత్తో తెల్ల కాగితం లాక్కున్నాడు. తాపన శాఖకు, ప్రతి కొనుగోలుదారుకూ ఉత్తరం వెళ్లాలన్నాడు. ఈ గంటలోనే, ఫ్యాక్సులో. సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని గుంగ్ వచ్చాడు. పైన ఉండలేకపోయాడు కాబోలు. బల్ల మీది కాగితం చూడగానే సంగతి గ్రహించాడు.

"చెప్పానా లేదా! ముందు కాగితం!" అన్నాడు చైనీసులో. "గ్వేజెన్, అడుగు ఆయన్ని. ఇల్లు అంటుకుంటే నీళ్లు పోస్తాడా, ఫోటో తీస్తాడా? ఉత్తరం వెళ్లిందంటే శాఖ వాళ్లు ఊళ్లో బాయిలర్లన్నీ ఆపేస్తారు. ఆసుపత్రిలో రోగులు గడ్డకట్టుకుపోతారు. మన గేటుకి తాళం పడుతుంది!"

రెండు తలలూ ఆమెవైపు తిరిగాయి. మూడేళ్లుగా అలవాటైన మెత్తటి మాట ఒకటి నాలుక చివరకు వచ్చేసింది. మింగేసింది. గుంగ్ అన్నది అన్నట్టే, ఫోటోతో సహా, తాళంతో సహా ఇంగ్లీషులో చెప్పింది.

తోర్బెన్ ముఖం ఎర్రబడింది. "దాచిపెట్టాక ఒక్క బాయిలరు పేలినా, చచ్చేది మనం కాదు, ఎవరో ముక్కూముఖం తెలియని వాళ్లు. ఆ తర్వాత ఆయన జైల్లో కూర్చుంటాడు. పక్క గదిలో నేనుంటాను. నాకది ఇష్టం లేదు. ఆయనకి ఇష్టమా?"

ఆమె చెప్పింది. గుంగ్ కళ్లు పెద్దవయ్యాయి.

"జైలన్నాడా? ఆ మాటే అన్నాడా?"

"ఆ మాటే అన్నారండీ."

"ఈయన ఇంత సూటిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదే!"

"ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారు డైరెక్టర్ గారూ. నేనే చెప్పలేదు."

గుంగ్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ఎవరితోనూ కాకుండా తనలో తనే అనుకున్నట్టు, "తాపన శాఖ పెద్ద నాతో సైన్యంలో పనిచేశాడు" అన్నాడు. "ఉత్తరం చూస్తే భయపడి తాళాలేస్తాడు. నేను ఫోనులో చెబితే వింటాడు. ఈ నంబర్లున్న చోట మనవాళ్లు వచ్చేదాకా నిప్పు వెలిగించొద్దని ఆయనే ఆర్డరేస్తాడు. ఇవాళే వేస్తాడు. ఉత్తరం ఆ వెనక వెళ్లనీ. ఇద్దరి పేర్లూ పెట్టమను. నా పేరు కూడా."

గ్వేజెన్ ఆ మాటలన్నీ ఒక్కటీ వదలకుండా అప్పజెప్పింది. తోర్బెన్ ఒక నిమిషం ఆలోచించి, పట్టీని గుంగ్ ముందుకు జరిపాడు. గుంగ్ ఫోను తీశాడు.

*

ఆ రోజు మధ్యాహ్నం నుంచి ఫ్యాక్టరీలో ఎవరూ కూర్చోలేదు. కొత్త స్ప్రింగులతో వాల్వులు బిగించే వాళ్లు బిగిస్తున్నారు. మౌ మేస్త్రి ప్రతి ఒక్కదాన్నీ ఆవిరి మీద పరీక్ష చేశాకే వదులుతున్నాడు. లారీ ఒకటి, మూడు చక్రాల బండ్లు ఆరు ఊరంతా తిరుగుతున్నాయి. పని పూర్తయిన ప్రతి చోటు నుంచీ ఫోను వచ్చేది. తోర్బెన్ గోడకంటించిన పట్టీలో ఒక గీత కొట్టేవాడు. గ్వేజెన్ ఆ గోడ ముందే ఉండిపోయింది. ఫోను మోగితే గుండె జారేది. మోగకపోతే ఇంకా జారేది. పన్నెండో తారీఖు తిండి సంగతే మర్చిపోయింది. ఎవరో ఆవిరి రొట్టె ఒకటి చేతిలో పెడితే, కొరికి, మింగలేక జేబులో పెట్టుకుంది.

పదమూడు మధ్యాహ్నానికి నూట పదహారు గీతలు పడ్డాయి. మిగిలింది ఒక్కటే. పట్టీ ప్రకారం అది మూడో నంబరు హైస్కూలులో ఉండాలి. వెళ్లినవాళ్లు అక్కడ లేదని ఫోను చేశారు. హైస్కూలు వాళ్లకి వాల్వు ఎక్కువైతే, పక్క వీధిలోని శిశు పాఠశాలకి ఇచ్చేశారట. తాపన శాఖ ఆర్డరులో ఆ పాఠశాల పేరే లేదు. అక్కడికి ఫోను చేస్తే ఎవరూ ఎత్తడం లేదు. బయట సముద్రం మీంచి మంచుగాలి మొదలైంది.

"ఇంత చలిలో పిల్లల్ని పెట్టుకుని పదిహేను దాకా ఎవరాగుతారు?" అన్నాడు మౌ మేస్త్రి. అప్పటికే కోటు వేసుకుంటున్నాడు.

జీపు తోర్బెనే నడిపాడు. మౌ మేస్త్రి చేత్తో దారి చూపించాడు. వీధి మలుపు తిరగ్గానే పాఠశాల చిమ్నీలోంచి నల్లటి పొగ కనిపించింది. బండి ఆగకముందే గ్వేజెన్ తలుపు తీసింది.

బాయిలరు గది వెనకవైపు ఉంది. బొగ్గు వేసే మనిషి, ఓ యాభై ఏళ్లాయన, గుమ్మంలో బోర్లించిన బకెట్టు మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాడు.

"గేజీ చూశారా?" అంది గ్వేజెన్.

"ఎందుకమ్మా చూడ్డం? కొత్త వాల్వు, పైగా విదేశీ సరుకు. ఎక్కువైతే అదే తెరుచుకుంటుందిగా" అన్నాడాయన.

ముల్లు ఐదు మీద ఉంది. నాలుగు దగ్గర ఎర్ర గీత. దాన్ని దాటి, నెమ్మదిగా, కనీకనిపించకుండా ఇంకా పైకి పాకుతోంది. వాల్వు నోరు మూసుకునే ఉంది. తోర్బెన్ ఒక్క గెంతులో వెళ్లి దాని చేతి పిడి లాగబోయాడు. మౌ మేస్త్రి భుజం పట్టి వెనక్కి లాగాడు.

"ముట్టుకోవద్దను! ఇలా బిగిసినప్పుడు దాంతో చెలగాటం వద్దను. నిప్పు తీసేయాలి. గాలి తలుపు మూసేయాలి. గోడ అవతల ఏముంది?"

"పిల్లలు పడుకునే గది" అన్నాడు బొగ్గు మనిషి. వేరుశెనక్కాయలు చేతిలోంచి జారిపోయాయి.

"అమ్మాయ్, వెళ్లు! పిల్లల్ని తీసుకెళ్లిపో! వంటింట్లో ఆవిరి కుళాయిలన్నీ పూర్తిగా తిప్పేయమను!"

తోర్బెన్‌కి అనువదించాల్సిన పని రాలేదు. ఇనుప పార ఒకటి అప్పటికే అతని చేతిలో ఉంది. మౌ మేస్త్రి పొయ్యి తలుపు తెరిచాడు. ఇద్దరూ ఎర్రటి నిప్పుల్ని బయటి ఇటుకల మీదికి లాగడం మొదలుపెట్టారు.

గ్వేజెన్ పరిగెత్తింది. వంటింట్లో కుళాయిలు తిప్పమని అరిచి, నిద్రగది తలుపు తోసింది. ముప్ఫై ఎనిమిది చిన్న మంచాలు వరసగా. పిల్లలంతా మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. టీచరమ్మ అల్లిక పక్కన పెట్టి లేచింది.

"ఎవరమ్మా మీరు? పిల్లలు పడుకున్నారు..."

"బాయిలరు. ఇప్పుడే బయటికి. అరవకండి, దుప్పట్లతోనే ఎత్తండి. వీధి అవతలికి."

ఆమె ముఖంలో ఏం కనిపించిందో, టీచరమ్మ రెండో ప్రశ్న వేయలేదు. వంటమనిషి వచ్చింది, ప్రధానోపాధ్యాయురాలు వచ్చింది. నిద్రకళ్ల పిల్లలు, కాళ్లకి మేజోళ్లు మాత్రమే ఉన్నవాళ్లు, దుప్పట్లలో చుట్టుకుని వీధి దాటారు. ఎదురుగా నూడుల్స్ కొట్టాయన తలుపులు బార్లా తీశాడు. గ్వేజెన్ మూడుసార్లు లోపలికి వెళ్లి వచ్చింది. మూడోసారి మంచాల కింద కూడా వంగి చూసింది. ఎవరూ లేరు. చివరి పిల్ల ఆమె మెడ పట్టుకుని, "అత్తా, ఇంకా బెల్లు కొట్టలేదుగా?" అని ఏడుపు గొంతుతో అడిగింది.

"ఇవాళ ముందే కొట్టారు బంగారూ" అంది.

పిల్లనెత్తుకుని వీధి అవతల నిలబడింది. వంటింటి కిటికీల్లోంచి ఆవిరి తెల్లగా పొంగుతోంది. బాయిలరు గది గుమ్మంలోంచి పొగ, నిప్పురవ్వలు. లోపల ఇద్దరున్నారు. తనకి పని నేర్పిన మనిషి, తన మాట నమ్మిన మనిషి. వెళ్లాలనిపించింది. పిల్ల మెడ వదల్లేదు. వదిలినా వెళ్లి చేసేదేమీ లేదు. ఆ ఇటుక గోడని చూస్తూ నిలబడటం తప్ప ఆమె చేతిలో ఏమీ లేదు. ఎంతసేపు గడిచిందో తెలీదు. ముక్కు మీద మంచు పడితే తుడుచుకోలేదు. గోడ కదిలినట్టు రెండుసార్లు అనిపించింది. కదల్లేదు.

మౌ మేస్త్రి బయటికొచ్చాడు. ముఖమంతా మసి. టోపీ లేదు. వీధిలో ఆమెని వెతుక్కుని, నాలుగు వేళ్లు చూపించి, చెయ్యి కిందికి ఊపాడు. ఒత్తిడి నాలుగుకి దిగింది, ఇంకా దిగుతోంది. ఆయన వెనకే తోర్బెన్ వచ్చి గుమ్మం పక్కనే మంచులో చతికిలబడ్డాడు. అతని కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. గ్వేజెన్‌ పిల్లతో సహా నూడుల్స్ కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయింది.

*

ఎవరూ చనిపోలేదు కాబట్టి నగరంలో ఆ వార్త రెండు వారాల్లో పాతబడింది. ఫ్యాక్టరీలో మాత్రం పాతబడలేదు. తోర్బెన్ పదకొండు పేజీల రిపోర్టు రాశాడు. అందులో గ్వేజెన్ తప్పు ఉంది, మౌ మేస్త్రి తప్పు ఉంది, నెలాఖరు గడువు పెట్టిన గుంగ్ తప్పు ఉంది. అన్నిటికన్నా ముందు, మొదటి పేజీలోనే, వేడి పరీక్షను దండగని ఆపించిన తన తప్పు ఉంది. గ్వేజెన్ దాన్ని చైనీసులోకి మార్చి డైరెక్టరుకిచ్చింది. గుంగ్ మొదటి పేజీ చదివి తలెత్తాడు.

"తన తప్పు తనే రాసుకున్నాడా? వాళ్ల పైవాళ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోరనుకుంటానండీ."

"పిచ్చోడు" అన్నాడు గుంగ్. కానీ ఆ మాట అన్న తీరు వేరుగా ఉంది. గుంగ్ తన పేరున్న పేరాలో ఒక్క అక్షరం కూడా మార్చమనలేదు.

డెన్మార్క్ వాళ్లు మార్చిలో తోర్బెన్‌ని వెనక్కి పిలిపించుకున్నారు. ఆ ఏడు తాపన శాఖ ఆర్డర్లు సగానికి పడిపోయాయి. గ్వేజెన్ పేరు నోటీసు బోర్డు మీద, తప్పు నమోదైనట్టుగా, నెల్లాళ్లు వేలాడింది. మీటింగుల్లో దుబాసీ పని నుంచి తప్పించమని ఆమే అడిగింది. ఛింగ్‌దావ్ నుంచి ఆ పని చదువుకున్న ఒకమ్మాయిని తెచ్చుకున్నారు. గ్వేజెన్‌ని పరీక్షల షాపుకి వేశారు. జూన్‌లో మౌ మేస్త్రి వెళ్లిపోయాక ఆ కుర్చీలో కూర్చోవాల్సింది ఆమే.

ఆయనకి క్షమాపణ చెప్పడానికి ఆమెకి డిసెంబరు దాకా ధైర్యం రాలేదు. ఒక రోజు ఇద్దరే బల్ల తుడుస్తుండగా అంది. "మేస్త్రిగారూ, ఆ రోజు మీ మాట నేను సరిగ్గా చెప్పుంటే..."

"నేను సరిగ్గా అనుంటే" అన్నాడాయన, గుడ్డ ఆపకుండా. "నలభై రెండేళ్లు ఈ ఫ్యాక్టరీలో పనిచేశాను. పెద్దవాళ్ల ముందు ఒక్కసారి కూడా 'వద్దు' అనలేదు. అనకుండానే మేస్త్రినయ్యాను. పంపొద్దు అని మూడు అక్షరాలు. నోరు రాలేదు. నువ్వు నా మాటని ఇంకొంచెం మెత్తగా చేశావు, అంతే. మెత్తగా చేసి ఇచ్చింది నేనే." గుడ్డ పిండి ఆరేశాడు. "ఏడవకు. ఆ గేజీ తీసుకురా, సరిచూద్దాం."

ఆమెకి మనసు కొంచెం తేలికపడింది. పూర్తిగా పడలేదు. ఆ చలికాలమంతా బస్సులో వెళ్తూ ప్రతి చిమ్నీ వైపూ చూసేది. పట్టీలో నూట పదిహేడు గీతలూ పడ్డాయని తెలుసు, ప్రతి వాల్వూ మౌ మేస్త్రి చేతుల మీదుగా వెళ్లిందని తెలుసు. అయినా పొద్దున్నే లేవగానే ముందు కిటికీ దగ్గరికెళ్లి, ఊరు ప్రశాంతంగా ఉందా అని చెవి పెట్టేది. మొగుడు మొదట్లో నవ్వాడు. తర్వాత నవ్వడం మానేసి, ఆమె లేచే వేళకి తనూ లేచి పక్కన నిలబడేవాడు.

మంచు కరిగి, ఊళ్లో బాయిలర్లు ఆర్పేసిన రోజు ఆదివారం. మధ్యాహ్నం అన్నం తిని ఊరికే నడుం వాల్చింది. కిటికీలోంచి ఎండ పక్క మీద పడుతోంది. ఎక్కడా పొగ వాసన లేదు. గ్వేజెన్ కళ్లు మూసుకుంది. మొగుడు వచ్చి దుప్పటి కప్పినా, కూతురు తలుపు దబ్బున వేసినా మెలకువ రాలేదు. ఎండ గోడెక్కి వెళ్లిపోయేదాకా నిద్రపోయింది.